దిబ్బకు నడిచి వెళ్లే వేళలు

తీరప్రాంతానికి వచ్చే యాత్రికుల కోసం మా ప్రభుత్వ పర్యాటక ఆఫీసు వేసే పరిచయ పుస్తకాన్ని పదకొండేళ్లుగా నేనే రాస్తున్నాను. సముద్రాన్ని మాత్రం ఒక్కసారే చూశాను. అదీ పెళ్లయిన కొత్తలో, రైలు కిటికీలోంచి, ఆయన భుజం అడ్డం వస్తే మెడ సాచి.

బయటివాళ్లకు చెబితే నవ్వుతారు గానీ మా ఆఫీసులో ఇది ఎవరికీ వింత కాదు. కొండప్రాంతం పుస్తకం రాసే ఆయనకు మేడమెట్లు ఎక్కితేనే ఆయాసం. తీరానికి మా ఊరు తొమ్మిది గంటల దూరం. లాడ్జీల వాళ్లు ఉత్తరాలు రాస్తారు, లేదంటే ఫోన్‌లో చెబుతారు. పాత పుస్తకం పక్కన పెట్టుకుని, మారినవి మార్చి, మారనివి ఉంచి, వాక్యాలకు కొంచెం నునుపు పెడతాను. ఉప్పుగాలి ఎలా ఉంటుందో, తెల్లవారుజామున ఇసుక ఏ రంగులో ఉంటుందో నా పుస్తకంలో చదివి బాగుందన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ శనివారం ఆఫీసులో సగం బల్లలు ఖాళీ. సోమవారం కొత్త పుస్తకం ఆవిష్కరణ. మా డైరెక్టరు గారిని చాటుగా అందరం రిబ్బన్ సారు అంటాం. కత్తెర పళ్లెంలో పెట్టి ఇస్తే ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా ఉంటుంది. ఆవిష్కరణ లాంఛనమే. పుస్తకాలు రెండు వారాల కిందటే పెట్టెల్లో కట్టి తీరంలోని ఇరవయ్యారు లాడ్జీలకు పంపేశాం. సీజను మొదలైపోయింది మరి.

మా అమ్మాయీ అల్లుడూ నాలుగేళ్ల మనవరాలితో అక్కడే ఉన్నారు. ముందు రోజు సాయంత్రం అమ్మాయి లాడ్జి నుంచి ఫోన్ చేసింది.

"అమ్మా, నీ పుస్తకం పట్టుకునే తిరుగుతున్నాం. మీ అల్లుడు సెల్‌లో మ్యాపు తీస్తానంటే ఒప్పుకోలేదు."

"సెల్ పనిచేస్తే కదా అత్తయ్యా!" వెనక నుంచి అల్లుడి కేక. "ఇక్కడ సెల్ మోగదు, అదే ఇక్కడి హాయి అని మీరే రాశారుగా. నాకైతే హాయిగా లేదు."

"రేపు దిబ్బ మీదకి నడిచి వెళ్తున్నామమ్మా. నూట పన్నెండో పేజీ. బుడ్డదాన్ని కూడా తీసుకెళ్లొచ్చుగా?"

"ఎందుకు తీసుకెళ్లకూడదు? వేళ చూసుకుని వెళ్లండి," అన్నాను.

దిబ్బ అంటే ఒడ్డుకు కిలోమీటరు దూరంలో సముద్రంలో ఉన్న రాతిగుట్ట. పైన పాడుబడిన దీపస్తంభం ఉంటుంది. నీరు తీసినప్పుడు ఒడ్డు నుంచి దిబ్బ దాకా ఇసుక దారి తేలుతుంది. నాలుగు గంటల సేపు నడిచి వెళ్లి రావచ్చు. మళ్లీ నీరు పోటెత్తితే దారి ఉండదు. ఏ తేదీన ఆ నాలుగు గంటలు ఎప్పుడో చెప్పే పట్టిక మా పుస్తకంలో ఉంటుంది. 'దిబ్బకు నడిచి వెళ్లే వేళలు' అని పైన పెద్దక్షరాలు. యాత్రికులు పుస్తకం తీసుకునేదే ఆ పేజీ కోసమని లాడ్జి వాళ్లు అంటుంటారు.

పదకొండు దాటింది. సెక్షను నుంచి సెక్షనుకు తిరిగి, నాలుగు ముద్రలు పడి, అంచులు నలిగిన కవరొకటి నా బల్ల మీదకు వచ్చింది. పోర్టు ఆఫీసు నుంచి. తేదీ చూస్తే రెండు నెలల నాటిది. లోపల ఈ సంవత్సరం ఆటుపోట్ల పట్టిక. దాని మీద పిన్ను గుచ్చిన చిన్న కాగితం.

'ఈ వేళలు చంద్రుణ్ణి అనుసరించి రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున జరుగుతుంటాయి. కనుక గత సంవత్సరం పట్టికను ఏ కారణం చేతనూ వాడవద్దని మనవి.'

చదివాను. మళ్లీ చదివాను. అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. అయినా అర్థం కాలేదన్నట్టు మూడోసారి చదివాను.

ఈసారి పుస్తకం తొందరగా కావాలన్నారు రిబ్బన్ సారు. మామూలుగా పోర్టు ఆఫీసు పట్టిక వచ్చేదాకా ఆగి, అంకెలు చూడకుండా అలాగే ప్రెస్‌కు పంపేవాళ్లం. ఫోన్ చేస్తే ఇంకో మూడు వారాలన్నారు. ప్రెస్‌లో కంపోజిటర్ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "తేదీలు అవేగా మేడం. కిందటేడు పేజీ అలాగే ఉంది. పైన సంవత్సరం మారిస్తే చాలు," అన్నాడు. అతనిది మా ఊరే. మా ఊళ్లో కుళాయి నీళ్లు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పొద్దున ఆరింటికే వస్తాయి, ఏడున్నరకే ఆగిపోతాయి. వేసవిలో మాత్రం అరగంట ముందు, అదీ ఏటా ఒకటే. ఏ ఏడాదికా ఏడాది కాగితం అతికించరు. సముద్రం నీళ్లు కూడా అంతేననుకున్నాం ఇద్దరం. అనుకోవడం కూడా కాదు, ఆ సంగతి మా బుర్రలోకే రాలేదు. ఎర్ర పెన్నుతో పాత సంవత్సరం కొట్టేసి కొత్తది వేసి సంతకం పెట్టింది నేనే.

పుస్తకం తెరిచి, కాగితం పక్కన పెట్టాను. వరుస తప్పకుండా స్కేలు పెట్టుకుని చూశాను.

పుస్తకంలో ఆ రోజుకి: ఉదయం పది నలభై నుంచి మధ్యాహ్నం రెండు నలభై.

పోర్టు కాగితంలో: ఉదయం ఏడూ అయిదు నుంచి పదకొండూ అయిదు.

గోడ గడియారం పదకొండూ పదిహేను చూపిస్తోంది.

గుండె గుభేలుమంది అని రాయడం తేలిక. నాకు అలా కూడా అవలేదు. చెవుల్లో ఏదో మూత పడ్డట్టయింది. పక్క బల్ల మీద ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతున్నాయి, చప్పుడు లేదు.

తప్పు వేళయితే దారి నీళ్లలో మునిగి ఉంటుందిగా, చూసి వెనక్కి తిరిగేస్తారుగా అని ఒక్క క్షణం ఆశ పుట్టింది. వెంటనే చచ్చింది. పది నలభైకి దారి ఇంకా పొడిగానే ఉంటుంది. తళతళలాడే ఇసుక. ధైర్యంగా దిగుతారు. ఇరవై నిమిషాల్లో దిబ్బ మీదకు చేరతారు. చేరగానే వెనక దారి మూసుకుపోవడం మొదలవుతుంది. అంతకంటే నమ్మకంగా ఎవర్నీ ముంచలేం.

లాడ్జికి ఫోన్ చేశాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. ఆ లాడ్జి ఆవిడతో పదకొండేళ్ల ఫోన్ స్నేహం, మొహం మాత్రం ఎరగను.

"ఆ, పుస్తకం అక్కయ్యగారూ! మీ అమ్మాయి ఎంత బాగుందండీ, అచ్చం మీ గొంతే..."

"మా వాళ్లెక్కడున్నారు?"

"దిబ్బకి వెళ్లారుగా. పదీ ఇరవైకి బయల్దేరారు. వాళ్లతో పైగదిలో ముసలి దంపతులు కూడా."

"దారి మూసుకుపోయింది. పట్టిక తప్పు."

ఆవిడ గొంతు పూర్తిగా మారిపోయింది.

"నేను చెప్పానండీ. ఇవాళ నీరు పొద్దున్నే తీసిందమ్మా, ఇప్పుడు వెళ్లకండి అన్నాను. మీ అమ్మాయి పుస్తకం తీసి చూపించింది. 'ఇది మా అమ్మ రాసిందండీ, గవర్నమెంటు పట్టిక' అంది. గవర్నమెంటు వాళ్లకి తెలియదా, నేనే తిథి తప్పు లెక్కపెట్టానేమో అనుకుని లోపలికి పోయాను. పుట్టి పెరిగిందాన్ని, బుద్ధి ఉండాలి నాకు!"

"ఇప్పుడేం చెయ్యాలి?"

"దిబ్బ మీదే కూర్చుంటే ప్రాణాలకి భయం లేదు. పోటెత్తినా పైరాయి మునగదు, గదంత చోటు ఉంటుంది. నీళ్లు చూసి కంగారుపడి ఇసక మీదకి దిగారంటేనే... మధ్యలో పల్లం ఉంది అక్కయ్యా. పైకి మోకాలి లోతులా కనిపిస్తుంది. మనిషిని లాగేస్తుంది. ఉండండి, పడవ నడిపే సరంగు ఉన్నాడేమో చూస్తా. మీరు ఫోన్ దగ్గరే ఉండండి."

పెట్టేసింది.

దిగకపోతే చాలు. దిగకపోతే చాలు. మా అల్లుడు అనుమానాల పుట్ట. టీ కూడా వాసన చూసి తాగుతాడు. నీళ్లు చూస్తే అడుగు వేయడు. ఆ అనుమానానికి జీవితంలో మొదటిసారి దండం పెట్టుకున్నాను.

అప్పుడు నా కళ్లు పట్టిక కింద ఉన్న వాక్యం మీద పడ్డాయి. పట్టిక ఎవరిదైనా కింద వాక్యం నాది. మూడేళ్ల కిందట పేజీ చివర రెండు పంక్తులు ఖాళీ మిగిలితే నిండుగా ఉంటుందని చేర్చాను.

'తిరుగు దారిలో అక్కడక్కడా మోకాలి లోతు నీరు కనిపించినా కంగారు పడనక్కర్లేదు. పాదాలకు చల్లగా తగులుతూ ఆ నడక ఒక మధురానుభూతి.'

మధురానుభూతి. ఆ మాట అలాగే చూస్తుండిపోయాను. ఆ వాక్యం రాసినప్పుడు నా ముందు ఉన్నది ఏమిటి? మా పెరట్లో బట్టలు ఉతికే చోట నిలిచిన నీళ్లు. కాళ్లకు చల్లగా తగిలేవి అవే. ఆ నీళ్లనే తీసుకెళ్లి అక్కడ పోశాను.

మొబైల్ మోగింది. ఎగిరిపడ్డాను. మా ఆయన.

"కుక్కర్ గాస్కెట్ ఎక్కడ పెట్టావు?"

బల్ల మీద ఆఫీసు ఫోన్ వంక చూశాను.

"నిన్నే. ఆవిరంతా పక్కనుంచి పోతోంది."

"పప్పుల డబ్బా వెనకాల," అన్నాను.

"ఎందుకలా ఉన్నావు?"

"ఏం లేదు. ఫోన్ రావాలి, పెట్టెయ్యండి."

చెప్పలేకపోయాను. చెబితే అది నిజమైపోతుందేమోనని. ముప్ఫై ఏళ్లుగా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో నన్నడగటం ఆయనకి అలవాటు. కూతురెక్కడుందని అడిగితే ఏ డబ్బా వెనకాల అని చెప్పను?

రిబ్బన్ సారు గదిలోంచి బయటికి వచ్చారు, సోమవారం ఎవరు ఎక్కడ కూర్చోవాలో రాసిన కాగితం పట్టుకుని. నా మొహం చూసి ఆగిపోయారు. రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టాను. ఆయన మందబుద్ధి కాదు. చూడగానే అర్థమైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మీ అమ్మాయి అక్కడే ఉందన్నారు కదూ?"

"దిబ్బ మీద ఉంది. లాడ్జి ఆవిడ పడవ కోసం వెళ్లింది."

"అయ్యయ్యో." తల పట్టుకున్నారు. గొంతు తగ్గించారు. "పడవ వెళ్తుందిగా, ఏం కాదు. దేవుడున్నాడు. ఈ పట్టిక సంగతి మాత్రం... దిద్దుబాటు చీటీ కొట్టిద్దాం. సోమవారం అయ్యాక పంపిద్దాం. ఈలోగా లాడ్జీలన్నిటికీ ఫోన్లు చేస్తే పేపరువాళ్ల చెవిన పడుతుంది మేడం. మీ పేరే ముందు బయటికొస్తుంది. మీ మంచికే చెబుతున్నాను."

ఆయన మాటలు వినిపిస్తున్నాయి గానీ తలకెక్కడం లేదు. నేను ఫోన్ వంకే చూస్తున్నాను. పదకొండున్నర. పదకొండూ నలభై. పావు తక్కువ పన్నెండు. ఆయన లేచి వెళ్లారు. మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టారు. గ్లాసులో నీళ్లు కదులుతుంటే దాన్ని అవతలికి జరిపాను.

పన్నెండూ ఇరవైకి ఫోన్ మోగింది.

"అమ్మా."

కూతురే. నా నోట్లోంచి ఏదో అరుపు వచ్చింది. ఏమని అరిచానో తెలియదు.

"ఒడ్డుకి వచ్చేశామమ్మా, లాడ్జి నుంచే చేస్తున్నా. అందరం ఉన్నాం. బుడ్డది బాగానే ఉంది. దుప్పటి కప్పాం. దాని చెప్పులు పోయాయని ఏడుస్తోంది."

"దిగారా? నీళ్లలోకి దిగారా?"

"దారి మీద నీళ్లొస్తున్నాయి, వద్దు, ఇక్కడే ఉందాం అన్నారు ఆయన. నేనే వినలేదు. పుస్తకం తీసి చదివి వినిపించాను. మోకాలి లోతేనట, కంగారు పడనక్కర్లేదట అని." పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "ఆ పెద్దవాళ్లిద్దరూ కూడా భయపడుతుంటే, రాసింది మా అమ్మేనండీ, మీకెందుకు, నా వెనకే రండి అన్నాను. సగం దూరం వచ్చేసరికి ఛాతీ దాకా వచ్చేసింది. ఆయన బుడ్డదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కింద ఇసక కాలికి ఆనడంలేదు. పెద్దావిడ చెయ్యి నా చేతిలోంచి జారిపోయిందమ్మా. అప్పుడే పడవ వచ్చింది. జుట్టు పట్టుకుని లాగాడు సరంగు. నీళ్లు మింగేసింది. ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఊపిరుంది. కళ్లు తెరవలేదు ఇంకా."

నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఎప్పుడు లేచానో తెలియదు.

"అమ్మా, రెండు నలభై దాకా ఉందిగా టైము? మేము సరిగ్గానే చూశాం. రెండుసార్లు చూశాను. ఇవాళ సముద్రానికి ఏమైందమ్మా?"

అదీ నేను తట్టుకోలేకపోయింది. ప్రాణం మీదికి వచ్చాక కూడా, ఛాతీ లోతు నీళ్లలో నిలబడి కూడా, తప్పు సముద్రానిదే అనుకుంది నా కూతురు. మా అమ్మ తప్పు రాయదు అనుకుంది. చిన్నప్పుడు దాని లెక్కల నోటుబుక్కులో తప్పుల కింద ఎర్ర గీతలు గీసింది నేను. అదే పెన్నుతో.

అవునమ్మా, ఇవాళ ఎందుకో అలా వచ్చింది అంటే నమ్మేస్తుంది. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది కూడా. రిబ్బన్ సారు నా వంకే చూస్తున్నారు.

"సముద్రానికేం కాలేదే," అన్నాను. "అది వచ్చే వేళకే వచ్చింది. పట్టిక తప్పు. కిందటేటిది తీసి సంవత్సరం మార్చి వేశాను. నేనే మార్చాను."

బుడ్డది చెప్పులు చెప్పులు అని ఏడవడం వినిపిస్తోంది. అల్లుడు ఏదో అడుగుతున్నాడు.

"నీకు తెలియదా అమ్మా?" అంది చివరికి. కోపంగా అనలేదు. కొత్త మనిషిని అడిగినట్టు అడిగింది.

"తెలియదు. తెలుసుకోలేదు. రైలు కిటికీలోంచి తప్ప నేను సముద్రం చూడనే లేదే."

"చూడకుండానే... ఆ ఇసక, ఆ పొద్దుటి వెలుగు, అవన్నీ?"

"ఎవరో చెబితే రాశాను."

అది ఏడవలేదు. ఊపిరి గట్టిగా పీల్చి వదిలింది. "ఆ పెద్దాయన పక్కనే ఉన్నాడు. బండిలో చోటు లేదని ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లలేదు, ఇంకో బండి కోసం కూర్చున్నాడు. నేను చెప్పబట్టే దిగారు వాళ్లు. ఇప్పుడు ఆయనకి ఏమని చెప్పను?"

"నువ్వు చెప్పొద్దు. ఫోన్ ఆయనకివ్వు."

"అమ్మా..."

"ఇవ్వవే."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. తర్వాత ముసలి గొంతు, మర్యాదగా, "హలో, చెప్పండమ్మా," అంది.

చెప్పాను. నేనెవరినో, ఏం చేశానో, ఎలా చేశానో. కంపోజిటర్ మాట చెప్పలేదు, తొందరపెట్టిన వాళ్ల మాటా చెప్పలేదు. చెప్పడానికి నాలుగు వాక్యాలే పట్టింది. ఇంత పనికి నాలుగు వాక్యాలే.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా ఆవిడ ఆ పుస్తకాన్ని నెత్తిమీద పెట్టుకుని నడిచిందమ్మా," అన్నాడు. "తడిసిపోతుందని. ఒక చెయ్యి మీ అమ్మాయి పట్టుకుంటే, ఇంకో చెయ్యి పుస్తకానికే సరిపోయింది. వదిలెయ్యవే అని వెనకనుంచి అరిచాను. టైము చూసుకోవాలిగా అంది."

క్షమించండి అన్నానేమో. అన్నా అది నాకే వినబడలేదు.

"ఆవిడ కళ్లు తెరిచాక మీతో మాట్లాడతాను. తెరవకపోతే కూడా మాట్లాడతాను. ఇప్పుడు ఒక్కటి చెప్పండి." ఆయన దగ్గాడు. "ఈ పుస్తకం ఇంకా ఎంతమంది చేతుల్లో ఉంది?"

"నాలుగు వేలమంది."

"మరి నాతో మాట్లాడుతూ కూర్చున్నారేమ్మా?" అని ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం పట్టిక చూశాను. పుస్తకంలో పదకొండున్నర నుంచి మూడున్నర. అసలు వేళ ఎనిమిదికి అయిదు నిమిషాల ముందు మొదలై పన్నెండు లోపే అయిపోతుంది. లాడ్జీల నంబర్ల కాగితం సొరుగులోంచి తీశాను.

"మేడం, ఒక్క మాట ఆలోచించి..." అన్నారు రిబ్బన్ సారు.

"పైనుంచి పదమూడు మీరు చెయ్యండి సార్. కింద పదమూడు నేను చేస్తాను."

ఆయన కదల్లేదు. అవతలి టేబుల్ మీద ఫోన్ వంక చూస్తూ నిలబడ్డారు. నేను ఆయన కోసం ఆగలేదు. పద్నాలుగో నంబరు నొక్కాను. మూడు రింగులకు ఎవరో ఎత్తారు.

"ఎవరండీ?"

"తీరప్రాంతం పుస్తకం రాసినదాన్ని. మీ దగ్గరున్న అన్ని కాపీల్లో నూట పన్నెండో పేజీ చింపెయ్యండి. అందులో వేళలు తప్పు. నమ్మి వెళ్లిన మనిషొకరు ఆస్పత్రిలో ఉన్నారు."

"మీరు నిజంగా ఆఫీసు వాళ్లేనా? పుస్తకంలో తప్పుంటుందా మేడం? గవర్నమెంటు ముద్ర ఉందిగా," అన్నాడు గుమాస్తా నవ్వుతూ. "అదిగో, రేపు దిబ్బకి వెళ్దామని ఆరుగురు ఇక్కడే కూర్చుని అదే పేజీ చూసుకుంటున్నారు. నేను చెబితే నమ్మరు. మీరే చెప్పండి, ఇస్తున్నా."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత మా అమ్మాయి వయసే ఉండే ఆడపిల్ల గొంతు, సరదాగా, "హలో! చెప్పండాంటీ!" అంది.

"అమ్మాయ్, పెన్నుందా దగ్గర?" అని మొదలుపెట్టాను.